కొత్త పెట్టని మామిడి

అరకు వెళ్ళొచ్చినవాళ్ళు గుహలతో మొదలుపెట్టి కాఫీతో ముగిస్తారు. నేను మా అక్క దవడతో మొదలుపెట్టక తప్పదు. అది లేకపోతే ఈ ప్రయాణమే లేదు.

మా కనకం అక్కది విజయనగరంలో ఊరగాయల వ్యాపారం. బోర్డూ గీర్డూ ఏమీ లేవు. ఏప్రిల్ వచ్చిందంటే వీధి మొదట్లోనే ఆవపిండి ఘాటు తగులుతుంది. ఆ ఘాటు పట్టుకుని జనం వచ్చేస్తారు. ఆవిడ తూకాలూ కొలతలూ నమ్మదు. కలిపిన పచ్చడి చిటికెన వేలితో కొంచెం తీసి, నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. కళ్ళు తెరిచి "ఉప్పు" అందంటే మా బావ ఉప్పు పోస్తాడు. "చాలు" అందంటే జాడీకి గుడ్డ కడతాడు. ఇన్నేళ్ళలో ఆ నాలుక తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు. నేనేదైనా కొంచెం పెంచి చెబుతానని ఊళ్ళో పేరుంది. ఈ కథనంలో రైలు సంగతులు మాత్రమే పెంచాను. అక్క సంగతులు పెంచలేదు.

మొన్న మాఘంలో ఆ దవడ లోపల ఒక పుండు కనిపించింది. విశాఖపట్నంలో చూపిస్తే కోసి తీసేశారు. కుట్లు మానాయి. ఇక రేడియేషన్ పెట్టాలన్నారు. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు.

"కంటికి కనిపించకుండా మిగిలిపోయిన చెడ్డ కణాలుంటే రేడియేషన్ వాటిని చంపుతుంది. కాకపోతే ఆ దారిలో ఉన్న మంచి కణాలు కూడా దెబ్బతింటాయి. నోరు పూస్తుంది, లాలాజలం తగ్గుతుంది. కొన్నాళ్ళు రుచి తెలీదు."

"మళ్ళీ వస్తుందా అమ్మా?" అంది అక్క.

"చాలామందికి నెలల మీద మెల్లగా వస్తుంది. అందరికీ పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను."

ఇంటికి రాగానే అక్క తేల్చేసింది. "నాలిక పోయినాక నానేటి సేసుకోను ఈ బతుకు? ఆ కరెంటు నాకొద్దు. పుండు తీసీసినారు కదా, అదే సాలు." మా వైపు రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు. సోమవారం నుంచి పెట్టాలి. బావ బతిమాలాడు, నేను బతిమాలాను. ఆవిడ ఆవాలు చెరుగుతూ కూర్చుంది.

ఆ సాయంత్రం ఫోన్లో వెతికితే ఒక సంగతి కనబడింది. రేడియేషన్ దెబ్బ నుంచి మంచి కణాలను కాపాడే పదార్థాలు కొన్ని మొక్కల్లో ఉన్నాయట. పసుపులో ఒకటి, తులసిలో ఒకటి. మామిడి ఆకులోనూ బెరడులోనూ మాంజిఫెరిన్ అని ఒకటి. ఎలుకలకి ముందుగా అది ఇచ్చి తర్వాత రేడియేషన్ పెడితే తట్టుకున్నాయట. నేను వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"ఎలుకల్లో నిజమేనండీ," అన్నారావిడ. "మనుషుల్లో ఎంత ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో ఇంకా తేలలేదు. అసలు భయం వేరే. ఆ పదార్థం మంచి కణానికి గొడుగు పట్టిందనుకోండి, పక్కనున్న చెడ్డ కణం కూడా అదే గొడుగు కిందికి రావచ్చు. మామిడికాయ తినమనండి, పప్పులో వేసుకోమనండి. కషాయాలూ పొడులూ మాత్రం వైద్యం పూర్తయ్యేదాకా వద్దు."

పెళ్ళిళ్ళకి షామియానాలు అద్దెకిచ్చే వ్యాపారం నాది. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. పందిరి వేశాక పిలవనివాళ్ళూ వచ్చి కూర్చుంటారు.

అర్థమయ్యీ అక్కతో ఏం చెప్పాను? "డాక్టరమ్మ సరేనన్నారే. అందులోనూ కొండ మామిడి బెరడైతే మరీ మంచిదట. అది పుచ్చుకుంటే నీ నాలుక నిక్షేపంగా ఉంటుందట." బెరడు చేతికొస్తే ఆవిడ ఆసుపత్రి గుమ్మం ఎక్కుతుంది, ఎక్కాక బెరడు సంగతి చూసుకోవచ్చు అన్నది నా ఎత్తు.

అక్క చేట పక్కన పెట్టింది. "కొండ మామిడంటే అరకు కొండల్లో డుంబ్రిగుడ కాడ నా నేస్తం పెరట్లోదే. బేగి బయల్దేరు మరి."

శృంగవరపుకోట స్టేషను

మా నాన్నకి డుంబ్రిగుడలో ఉప్పూ కిరసనాయిలూ ఎండుచేపలూ అమ్మే కొట్టు ఉండేది. నాకు పదేళ్ళు దాటేదాకా మేం అక్కడే పెరిగాం. సెలవులకి మైదానంలో ఉన్న అమ్మమ్మగారింటికి దిగడం, సెలవులైపోయాక మళ్ళీ ఈ రైలెక్కడం. అందుకని కారులో తీసుకెళ్తానన్నా అక్క ఒప్పుకోలేదు. శృంగవరపుకోటలో కిరండూల్ పాసింజరు ఎక్కాం. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ పొట్లం నలభై. పచ్చడి నీళ్ళలా ఉంది. అక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని, "శనగపప్పు మాడింది, అయినా బాగుంది," అంది. మాడిన పచ్చడిని ఆవిడ బాగుందనేసరికి నాకు భయం వేసింది. తర్వాత అర్థమైంది, ఆ మూడు రోజులూ ఆవిడ రుచులు దాచుకుంటోంది.

ఇప్పుడీ రైలుకి అద్దాల పెట్టె ఒకటి తగిలించారు. అందులో కూర్చుని జనం ఆకాశాన్ని ఫోటోలు తీసుకుంటారు. మేం మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాం. ఎదురుగా హైదరాబాదు కుర్రాడొకడు, మెడలో కెమెరా. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి.

"ఎన్ని సొరంగాలండీ?" అన్నాడు.

"మా చిన్నప్పుడు ఒకటే ఉండేది బాబూ," అన్నాను. "చాలా పొడుగు. మా నాన్న గడ్డం గీసుకుని లోపలికెళ్తే బయటికొచ్చేసరికి మాసిపోయేది. ప్యాసింజర్లు గోల పెడితే రైల్వేవాళ్ళు దాన్ని ముక్కలు కోసి, మధ్యమధ్యలో వెలుతురు పెట్టారు."

కుర్రాడు ఫోన్లో రాసుకున్నాడు.

"ఒరే, ఆ గుంటడికి నిజం సెప్పరా, పాపం రాసీసుకుంటన్నాడు," అంది అక్క.

"నిజమేంటమ్మా?"

"సొరంగం ఒచ్చినప్పుడల్లా ఈడు నా జడట్టుకుని ఏడిసీవోడు. అదీ నిజం."

కుర్రాడు అది కూడా రాసుకున్నాడు. టైడా దగ్గర పనస తొనలు అమ్మకానికొచ్చాయి. ఆకు దొన్నె ఇరవై. చిన్నప్పుడు పనసకాయ డబ్బిచ్చి కొనేది కాదు. కొట్టుకొచ్చినవాళ్ళు ఉప్పు పుచ్చుకుని కాయ వదిలేసి వెళ్ళేవారు. అక్క పిక్కలు కూడా పారేయకుండా కొంగున కట్టుకుంది, కాల్చుకు తిందామని.

అరకు

అరకులో దిగితే నాకు ఊరు తెలియలేదు. లాడ్జీలు, గుడారాలు, పొగమంచు బొమ్మలేసిన టీషర్టులు. మా నాన్న సామాన్ల లారీ కోసం కూర్చునే రాతిగట్టు ఉన్నచోట, బొంగులో చికెన్ వరసగా కాలుస్తున్నారు. చిన్న బొంగు మూడొందలు. కాల్చేవాడు చీల్చి ఆకులో పోశాడు. ఆవిరి మొహాన కొట్టింది.

"ఇది మాకెరికే," అంది అక్క అతనితో. "అడివికెళ్ళినప్పుడు గిన్నె నేక బొంగులో వొండేవోరు. ఇప్పుడు గిన్నెలుండి కూడా బొంగులో వొండుతన్నారు."

"గిన్నెలో వొండితే ఎవుడు కొంటాడమ్మా?" అన్నాడతను.

అక్క నవ్వి, చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని, "అల్లం కొత్తది," అంది. అతను ఆశ్చర్యంగా చూశాడు. నిజమేనట, పొద్దున్నే తవ్వారట. నేను గర్వంగా అటూ ఇటూ చూశాను. ఆ నాలుక సోమవారం ఏమవుతుందోనని గుర్తొచ్చి గర్వం దిగిపోయింది.

కాఫీ కూడా తాగాం. మా చిన్నతనంలో ఇక్కడివాళ్ళు కాఫీ పళ్ళు కోసేవారు గాని తాగేవారు కారు, పొద్దున్న లేస్తే చోడంబలే, అంటే రాగి జావే. ఇప్పుడు కాఫీకి మ్యూజియం ఉంది. చోడంబలి మాత్రం గాజు గ్లాసులో ఆరోగ్య పానీయంగా అమ్ముతున్నారు. అక్క రెండూ తాగింది. అంబలికే ఎక్కువసేపు కళ్ళు మూసుకుంది.

డుంబ్రిగుడ

మర్నాడు ఆటోలో డుంబ్రిగుడ బయల్దేరాం. చైత్రమాసం, ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళు వేటకి పోతే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని బళ్ళాపుతారు. డబ్బిస్తే తాడు దించుతారు. ఇవ్వకపోతే ఆడాలి. నేను డబ్బు తీసేలోపు అక్క ఆటో దిగి, పమిట బిగించి, వాళ్ళ నడుముల మీద చేతులేసి గుండ్రంగా నాలుగడుగులు థింసా ఆడింది. అడుగు ఒక్కటీ మరిచిపోలేదు. వాళ్ళు కేకలేసి, "మనూరి గుంటే ఇది!" అని తాడు దించేశారు. మా విజయనగరంలో చందా కోసం బండాపితే మనం మొహం తిప్పుకుంటాం. ఇక్కడ ఇవ్వకుండా పోవడానికి కూడా ఒక పద్ధతుంది, అది ఇవ్వడం కంటే కష్టం.

ఆ రోజు సంత. పసుపు కొమ్ములు, చింతపండు, అడ్డాకుల కట్టలు, చీపుళ్ళు. నాన్న కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపుంది. అందులో ఉన్న కుర్రదాన్ని, "ఇక్కడ ఉప్పు కొట్టుండేది, తెలుసా?" అని అడిగాను. "ఎప్పుడండీ?" అంది. చెప్పాను. "అయితే మా అమ్మ కూడా పుట్టలేదు," అని నవ్వింది. అక్క మాత్రం గుమ్మం పక్క గోడని చేత్తో తడిమి, "ఇంకా సెమ్మగానే ఉంది," అంది. ఉప్పు బస్తాలు ఆనించిన గోడ అది. నేను తడిమితే నాకు సున్నమే తగిలింది.

సుక్రి గూడెం

సుక్రి మా అక్క నేస్తం. ఇక్కడ ఇద్దరు పిల్లలు నేస్తం కట్టుకుంటే ఇక జీవితాంతం ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, "నేస్తం" అనే పిలుస్తారు. ఒకరింట్లో చావైతే రెండో ఇంట్లోనూ పొయ్యి వెలగదు. మైదానంలో మనకి అన్నదమ్ములతోనే అంత ఉండదు. నెత్తి మీద కట్టెల మోపుతో ఎదురొచ్చిన సుక్రి మమ్మల్ని చూడగానే మోపు దారిలోనే పడేసింది.

"ఒచ్చినావా నేస్తం! సిక్కిపోనావేటి? ఈడెవుడు? ముక్కు సీదీ గుంటడా?"

"ఆడే. ఇప్పుడు షామియానాలేత్తన్నాడు."

"ముక్కు సీదడం మానీసినాడా?"

యాభై దాటిన నా మర్యాద అక్కడితో పోయింది.

పెరట్లో మామిడిచెట్టు చూడగానే అక్క దాని కిందికి నడిచింది. కొమ్మ కొమ్మకీ కాయలు, కోడిగుడ్డంత, నున్నగా. కింద కూడా రాలి ఉన్నాయి. పిల్లలు వాటి మధ్యలోనే గోళీలాడుకుంటున్నారు, ఒక్కడూ ముట్టడం లేదు. మా వీధిలో అయితే చెట్టుగలాయన నిద్ర లేచేసరికి ఆకులు కూడా మిగలవు.

అక్క వంగి ఒక కాయ తీసింది. సుక్రి చెయ్యి పట్టుకుంది. "కొత్త పెట్టనేదు, నేస్తం. మరిసిపోనావా?"

మరిచిపోయింది. నేనూ మరిచిపోయాను. ఏ పంటైనా ముందు దేవతకి పెట్టి, ఊరంతా కలిసి తినాలి. దాన్ని కొత్త పండగంటారు. మామిడి కొత్త అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ కాయ కొరకరు. ఎప్పుడు పెట్టాలో దిశారి చెప్పాలి. దిశారి అంటే ముహూర్తాలు చూసే పెద్ద, మందూ మాకూ కూడా ఆయనే ఇస్తాడు.

"ఎప్పుడన్నాడు?" అంది అక్క.

"వొచ్చే వారం, సంత అయినాక."

వచ్చే వారానికి ఆవిడ ఆసుపత్రిలో ఉండాలి. ఆవిడ చేతిలో కాయని నేల మీద ఎక్కడుందో అక్కడే జాగ్రత్తగా పెట్టేసింది. "పోనీలే. ఊరంతా ఆగినప్పుడు నానెందుకు తినాల? బెరడు దొరికితే సాలు. నాలిక మిగుల్తాది, మరుసటేడు తింటాను."

ఆ మాట విన్నాక నాకు బెరడు తప్ప ఇంకేం తోచలేదు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చారు. నేను జేబులోంచి చాకు తీశాను, షామియానా తాళ్ళు కోసేది. కొత్త పెట్టందే ముట్టకూడనిది కాయ కదా, బెరడు కాదు కదా అని నాకు నేనే వకీలుగా వాదించుకున్నాను. చెట్టు చుట్టూ తిరిగి, ఇంట్లోవాళ్ళకి కనబడని వైపు ఎంచుకుని, అరచెయ్యంత ముక్క చెక్కాను. తెల్లగా జిగురు కారింది. ఘాటైన వాసన. ఇంకో అరచెయ్యంత చెక్కుతుంటే, మాను అవతలి వైపు నుంచి చాలా మర్యాదగా ఒక గొంతు వినబడింది.

"ఏటి సేత్తన్నావు బాబూ?"

మాను అవతల ఆనుకుని, నీడలో కాళ్ళు చాపుకుని దిశారి కూర్చున్నాడు.

తప్పు

సాయంత్రానికి ఊరంతా పెరట్లో చేరింది. నా చేతిలో బెరడు, చెట్టుకి తడి గాయం. దిశారి నా వయసువాడే, తెల్ల బనీను, మెడలో తువ్వాలు. కోపంగా లేడు. అదే కష్టంగా ఉంది.

"ఎందుకు సెక్కినావు బాబూ?"

నేనొక కథ మొదలెట్టాను. కలలో మా నాన్న కనిపించి చెట్టుని పలకరించి రమ్మన్నాడని. "సాకుతోనా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. కథ తెగిపోయింది. ఇక నిజం చెప్పాను. అక్క పుండు, కరెంటు, నోరు, నాలుక. మామిడి బెరడులో ఉన్న పదార్థం మంచి కణాలని కాపాడుతుందని చదివిన సంగతి.

"పెద్దాసుపత్రి డాక్టరేటన్నారు?" అన్నాడు దిశారి.

అక్క నా ఎదురుగానే కూర్చుంది. నేను నేల చూశాను. "వద్దన్నారు. బెరడు చెడ్డ కణాన్ని కూడా కాపాడొచ్చన్నారు. కాయ తినమన్నారు, కషాయం వద్దన్నారు."

అక్క నా వంక చూడలేదు. సుక్రి వంక చూసింది. తర్వాత లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. సోమవారం సంగతి అక్కడితో పోయిందనే అనుకున్నాను. ఆవిడ ఆసుపత్రికి ఒప్పుకున్నది ఆ బెరడుని చూసుకునే, ఇప్పుడు చేతిలో ఉన్న బెరడు కూడా పనికిరాదు.

ఊరివాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఒడియా కలిసిన మాటల్లో కాసేపు తర్జనభర్జన పడ్డారు. దిశారి వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత నాకు తెలుగులో చెప్పాడు. నేను తప్పు కట్టాలి, అంటే ఒక పుంజు, ఒక కొబ్బరికాయ. బెరడుని మళ్ళీ చెట్టుకే అతికించాలి, అది కూడా నేనే. ఇంకొకటి.

"కొత్తకి ముందు సెట్టుకి గాటు పడింది. గాటు పడినాక వాయిదా ఎయ్యకూడదు. రేపే కొత్త పెట్టీసుకోవాల."

పిల్లలు ఒక్కసారిగా అరిచారు. ఎవరో నా వీపు తట్టారు. తప్పు చేసినవాణ్ణి ఇంత సంతోషంగా చూసిన ఊరు నేనెరగను.

పేడా ఎర్రమట్టీ కలిపి, బెరడు గాయం మీద పెట్టి, ఆ ముద్ద పూసి, అడ్డనారతో చుట్టూ కట్టాను. దిశారి పక్కనే నిలబడి, "బిగించు. షామియానా కట్టీవోడివి కాదేటి?" అన్నాడు. మంచి ముడి వేశాను. నా వ్యాపారంలో అంత శ్రద్ధగా వేసిన ముడి ఇంకొకటి లేదు. పుంజు సంగతి చెప్పను. డుంబ్రిగుడలో కొని తెస్తుంటే దారిలో చేతిలోంచి ఎగిరిపోయింది. దాన్ని పట్టుకోవడానికి సాయం చేసినవాళ్ళు ఊరికి వచ్చేదాకా దాని నడక, నా నడక అనుకరిస్తూనే ఉన్నారు.

మామిడి కొత్త

పొద్దున్నే కాయలు కోశారు. ఆ ఏడు నైవేద్యం వంతు సుక్రిది. పెరట్లో అడ్డాకుల మీద మామిడి తరిగి, ఉప్పూ పసుపూ మిరపా వేసి చేత్తో కలుపుతోంది. నైవేద్యానికి ముందు ఎవరూ రుచి చూడకూడదు. అక్క పక్కన కూర్చుంది. రాత్రి నుంచి నాతో మాటల్లేవు.

"సూడకుండా ఉప్పెలా ఎత్తన్నావు, నేస్తం?" అంది.

"ఏసీడమే."

"సరిపోనాదో నేదో ఎలా తెలుత్తాది?"

"తిన్నాక తెలుత్తాది," అంది సుక్రి, ఇంకో పిడికెడు వేస్తూ. అక్క చెయ్యి ముందుకు రాబోయి ఆగింది. ఆ చెయ్యిని పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును, అలా ఆగడం ఎప్పుడూ చూడలేదు.

ఊరి దేవతగా నిలబెట్టిన రాళ్ళ దగ్గర పూజైంది. డప్పు ఆగింది. పెద్దలకీ పిల్లలకీ మాకూ ఆకుల్లో పెట్టారు. దిశారి ముందు నోట్లో వేసుకున్నాడు. ఆయన మొహం ముడుచుకుపోయింది. తర్వాత ఆయన పక్కనున్నాయనది. వరసగా ఊరంతా మొహాలు ముడుచుకుంది.

"సుక్రీ! సముద్రం పోసీసినావేటే?" అన్నాడు దిశారి.

ఉప్పు కషాయం! నోరు తిరిగిపోయేంత. అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పడీపడీ నవ్వారు. కిందటేడు వంతువాళ్ళు ఉప్పే మరిచిపోయారట. ఆ ముందటేడు కారంతో ఒకాయన వాగులో మూతి పెట్టాడట. అవన్నీ పేర్లతో సహా చెప్పుకుంటూ, నీళ్ళు తాగుతూ, ఆకు ఖాళీ చేశారు. ఒక్కరూ పారేయలేదు. సుక్రి కూడా నవ్వుతూ తింటోంది, సిగ్గుగా కూడా లేదు.

అక్క కళ్ళు మూసుకుని నమిలింది. దవడ ఇంకా పూర్తిగా తెరుచుకోదు, చిన్న ముక్క చాలాసేపు పట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, పులుపుకో ఉప్పుకో. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మాఘం తర్వాత ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

"నేస్తం, ఇది ఊరగాయెట్టినా నిలవుంటాది," అంది. సుక్రి ఆవిడ వీపు మీద ఒక్కటి వేసింది.

తర్వాత అక్క ఉప్పు లేని వట్టి కాయ ఒకటి తీసుకుని, దాన్ని తిన్నది. దాని గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తిరుగు దారి

మేం కొండ దిగుతుంటే సుక్రి, "మిగతా కాయలు బస్సులో పంపుతాను, పాడు సెయ్యకుండా ఊరగాయెట్టు," అంది. రైల్లో చాలాసేపు అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కాఫీ తోటలు, మిరియాల తీగలు, అనంతగిరి వైపు కొండల మీద మబ్బులు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, అదే ఒక వింత. బొర్రా దాటాక ఆవిడే అంది.

"డాక్టరమ్మ వొద్దన్నారని ముందే సెప్పుంటే నాను కొండెక్కీదాన్నేటి?"

"ఎక్కేదానివి కాదు."

"సోమారం ఆసుపత్రికీ రాను."

"రావు."

సొరంగం వచ్చింది. చీకట్లో ఆవిడ గొంతు వినబడింది. "ఒక్కేడు ఉప్పు తప్పితే ఏటవుద్ది? సూసినావు కదా, ఏటీ అవనేదు. తిన్నారు, నవ్వీసినారు."

బయటికొచ్చాం. ఎండ మొహాన పడింది.

"ఎల్దాం సోమారం," అంది. "ఈ యేడు పచ్చళ్ళకి నాలిక మాత్రం నీది."

"నాదా? బావ ఉన్నాడు కదే?"

"మీ బావకి ఏటెట్టినా బాగుంటాది. పెళ్ళయినకాణ్ణుంచీ అదే మాట. నువ్వు నోకం మీదున్న అబద్దాలన్నీ ఆడినావు, నీ నాలిక్కి ఊరికే ఉండడం తెల్దు. ఉప్పు కాడ ఒక్కటాడినావో, జాడీ నెత్తి మీద బోర్లిస్తాను."

విజయనగరం

రేడియేషన్ మొదలైంది. డాక్టరమ్మకి బెరడు సంగతి చెప్పి చివాట్లు తిన్నాను. చెట్టుకి కట్టు కట్టిన సంగతి చెబితే నవ్వారు. చెప్పినవన్నీ చెప్పినట్టే జరిగాయి. ముందు నోరెండింది, తర్వాత పూసింది. ఉప్పునీటి పుక్కిళ్ళు, మెత్తటి గంజి. ఒక పొద్దున అక్క కాఫీ తాగి, "ఇందులో ఏటేసినావు?" అంది నీరసంగా. పంచదార వేశానన్నాను. ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. ఆ తర్వాత రుచి గురించి మాట్లాడలేదు.

సుక్రి పంపిన కాయల బస్తా వచ్చింది. తరగడం, ఆవపిండి కొట్టడం బావా నేనూ చేశాం. కలపడం మాత్రం అక్కే, గట్టు మీద కూర్చుని. మూడోనాడు జాడీ తెరిచి తిరగకలపాలి, ఉప్పు చూడాల్సింది అప్పుడే. నోటి పూత వల్ల ఆవిడకి ఆ రోజు మాట రావడం లేదు. అడుగు దాకా కలిపి, చిటికెన వేలితో కొంచెం తీసి, అలవాటుగా తన నోటి దాకా తీసుకెళ్ళి, నా వైపు చాపింది.

నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కారం, ఆవ, నూనె, ఆ కొండ పులుపు. బ్రహ్మాండంగా ఉందనబోయాను, మాట పెదాల దాకా వచ్చింది. అలాంటి మాట ఆపడం నాకు అలవాటు లేదు. మింగి ఇంకోసారి చూసుకున్నాను. వెనకాల ఏదో చప్పగా ఉంది.

కళ్ళు తెరిచాను. అక్క నా మొహమే చూస్తోంది. అంత శ్రద్ధగా నా మొహం నా జీవితంలో ఎవరూ చూడలేదు.

"ఉప్పు," అన్నాను.

ఆవిడ ఇంకాసేపు చూసి, బావకి తల ఊపింది. బావ పోశాడు. అడుగు దాకా కలిపి మళ్ళీ వేలు చాపింది. మళ్ళీ చూశాను.

"ఇంకొంచెం."